రూట్ 66 మీద రెండు రోజులు, ఒక నిద్రలేని రాత్రి

అమెరికాలోని అరిజోనాలో, రూట్ 66 అనే పాత హైవే మీద అమ్మానాన్నలతో తిరిగొచ్చాం. ముందు మోటెల్ సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. ఆన్‌లైన్‌లో 84 డాలర్లన్నారు. కౌంటర్ దగ్గరికెళ్ళాక పన్ను 13, ‘సదుపాయాల రుసుము’ 15 కలిపి 112 చేశారు. పైగా కార్డు మీద 50 డిపాజిట్. ఆ సదుపాయాలేమిటయ్యా అంటే నీళ్ళు లేని ఈతకొలను, రెండు డబ్బాల కార్న్‌ఫ్లేక్స్. అమ్మ తాగడానికి కాసిని వేడినీళ్ళు అడిగితే ‘మెషిన్ పాడైంది’ అని తల కూడా ఎత్తలేదు రిసెప్షన్ పిల్ల. ఇవన్నీ భరించొచ్చు. తెర తీస్తే ఎదురుగా రైలు పట్టాలు! రాత్రంతా గూడ్సు బళ్ళు. గేటు దగ్గరికి వచ్చిన ప్రతి బండీ చెవులు చిల్లులు పడేలా కూత. తెల్లారేసరికి నాన్న పదిహేడు లెక్కపెట్టారు. మావారు మాత్రం హాయిగా గురక పెట్టారు, ఆ కోపం వేరే.

నేను గొణుగుతుంటే నాన్న నవ్వి, “మోటెల్ వాడినెందుకు తిడతావమ్మా, తప్పంతా 1857 నాటిది” అన్నారు. ఆయన రోడ్లు వేసే ఆర్ అండ్ బి శాఖలో ముప్పై ఏళ్ళు చేసి ఇంజనీరుగా (డి.ఇ.) రిటైరయ్యారు. తాజ్‌మహల్ దగ్గరికి తీసుకెళ్ళినా ముందు అప్రోచ్ రోడ్డు చూస్తారు. ఎడ్వర్డ్ బీల్ అనే ఆయన ఆ ఏడాది సైన్యం ఒంటెలను తోలుకుని 35వ అక్షాంశం వెంబడి బండ్లబాట వేయడానికి వచ్చాడట. ఈ ఎడారిలో ఊటలు ఎక్కడున్నాయో, ఏటవాలు ఎక్కడ తక్కువో చూసుకునే కదా దారి వేయాలి. 1880లలో రైలూ ఆ దాపునే వచ్చింది. 1926లో రూట్ 66, ఆ తర్వాత దాని బదులు వేసిన పెద్ద రహదారి ఐ-40. అరిజోనా రాష్ట్రమయిందే 1912లో, దారి అంతకన్నా పెద్దది! అందుకే పాత మోటెళ్ళన్నీ రైలు పక్కనే. గది తీసుకునే ముందు మ్యాప్‌లో పట్టాలు ఎంత దూరమో చూసుకోండి. నేను చూడలేదు.

మొదటి రోజు బాగానే గడిచింది. చాండ్లర్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా మధ్యాహ్నానికి సెలిగ్మన్. 1978 సెప్టెంబర్ 22న ఐ-40 తెరవగానే ఈ ఊళ్ళో కార్లు ఆగిపోయాయి. ఏంజెల్ డెల్గాడిల్లో అనే మంగలి ఊరుకోలేదు. 1987లో పాత రోడ్డు కోసం సంఘం పెట్టించి, రాష్ట్రం చేత చారిత్రక రహదారి అనిపించాడు. ఇప్పుడు బస్సులకు బస్సులు జనం. దుకాణాల్లో అమ్మేది మాత్రం అన్నిచోట్లా అవే బొమ్మలు. మాగ్నెట్ 6 డాలర్లు, కొనకండి. దానికి బదులు ఆ వీధిలో ఓ చిన్న హోటల్లో పచ్చిమిర్చి వేసిన చీజ్ శాండ్‌విచ్ 9 డాలర్ల 50 సెంట్లకు తిన్నాం. అమ్మ సంచిలోంచి ఆవకాయ సీసా తీసింది. వడ్డించే పెద్దావిడ వాసన చూసి చెంచాడు అడిగి మరీ తింది, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఇంకో చెంచా అడిగింది. యాత్ర మొత్తంలో అమ్మ నవ్వింది అక్కడే.

అక్కడినుంచి కింగ్‌మన్‌కు ఐ-40 ఎక్కకండి, పాత రోడ్డే మేలు. దాదాపు 140 కిలోమీటర్లు, కాస్త చుట్టు, కానీ లారీల బెడద ఉండదు.

రెండో రోజు ఓట్‌మన్ ఘాట్. 40 అడుగులు దాటిన బళ్ళను రానివ్వరు. చాలాచోట్ల పిట్టగోడ కూడా లేదు. అమ్మ కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం మొదలుపెట్టింది, నాన్న కిటికీ దించి వంపుల రేడియస్ అంచనా కట్టారు. పెట్రోలు పైనున్న ట్యాంకులోంచి దానంతటదే దిగే ఆ కాలపు కార్లు కొన్ని ఈ ఎక్కుడులో ముక్కు పైకి లేస్తే ఇంజన్‌కు పెట్రోలు అందక, వెనక్కి తిరిగి రివర్స్ గేర్లో ఎక్కేవట. ఓట్‌మన్‌లో బంగారు గనులవాళ్ళు వదిలేసిన గాడిదల సంతానం నడివీధిలో తిరుగుతోంది. మేత పొట్లం 2 డాలర్లు. “గాడిదలకున్న మర్యాద నిన్న మనకు లేకపోయింది” అంది అమ్మ.

తిరుగు దారిలో విలియమ్స్. రూట్ 66 మీద బైపాస్ పడ్డ ఆఖరి ఊరు, 1984 అక్టోబర్ 13న. మరుసటి ఏడే ఆ నంబరు జాతీయ జాబితాలోంచి తీసేశారు. నాన్న ఆ వీధిలో చాలాసేపు నిలబడ్డారు. “మేం బైపాస్ వేసినప్పుడు ఎన్ని టిఫిన్ హోటళ్ళు మూతపడ్డాయో ఎవరూ ఎస్టిమేట్‌లో రాయలేదమ్మాయ్” అన్నారు. తర్వాత కార్లో ఇంటిదాకా పెద్దగా మాట్లాడలేదు.

పన్నెండు రోజులైంది. డిపాజిట్ 50 డాలర్లు ఇంకా కార్డులోకి రాలేదు. రోజూ ఫోన్ చేస్తున్నాను, ఎవరూ ఎత్తడం లేదు.