అమీర్‌పేటలో ట్రేడింగ్ కోర్సు, పక్కన నా రూపాయి బిళ్ళ (2.5/5)

ఆరు వారాలు, శని ఆదివారాలు, ఫీజు 18,000, మైత్రీవనం దగ్గర నాలుగో ఫ్లోర్, లిఫ్ట్ పని చేయదు. పేరు రాయట్లేదు, గొడవలెందుకు.

ముందు బాగున్నవి చెప్తా. కాల్, పుట్ ఆప్షన్స్ (ముందే ఖాయం చేసుకున్న రేటుకి కొనే హక్కు కాల్, అమ్మే హక్కు పుట్) గురించి ఏడాదిగా యూట్యూబ్‌లో చూసినా నా బుర్రకెక్కలేదు, సార్ కాల్‌ని ప్లాటుకి అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకోవడంతో పోల్చి చెప్పేసరికి ఒక్క పూటలో ఎక్కేసింది. రేటు పెరిగితే రిజిస్ట్రేషన్ చేయించుకుంటాం, పడితే అడ్వాన్స్ వదిలేసుకుంటాం, అంతే. ఎక్స్‌పైరీ, అంటే ఆ హక్కు గడువు, దగ్గరయ్యేకొద్దీ ప్రీమియం, అంటే ఆ హక్కు ధర, ఎలా కరిగిపోతుందో కూడా ఓపిగ్గా చూపించారు. ఇంతవరకే అయితే నాలుగు స్టార్లు ఇచ్చేవాణ్ణి.

తేడా కొట్టింది చార్టుల దగ్గర. నాలుగు వారాలు అదే పని, హెడ్ అండ్ షోల్డర్స్, డోజి అని చార్టులో ఆకారాలు, సపోర్ట్ (ధర ఇంతకన్నా పడదనే గీత), రెసిస్టెన్స్ (ఇంతకన్నా పెరగదనే గీత). పాత చార్టు వేసి గీత గీస్తే అన్నీ అచ్చు గుద్దినట్టు సరిపోతాయి. 2024 జూన్ చార్టు చూపించి "ఇదిగో ఇక్కడ రెసిస్టెన్స్, అందుకే పడింది" అన్నారు. సార్, అది ఎలక్షన్ రిజల్ట్ రోజు కదా! 3వ తారీఖు ఎగ్జిట్ పోల్స్ చూసి నిఫ్టీ 733 పాయింట్లు లేచింది, 4న బీజేపీకి సీట్లు అనుకున్నన్ని రాకపోయేసరికి 1,379 పాయింట్లు, దాదాపు 6 శాతం, పడింది. గీతకి సీట్ల లెక్క ఎలా తెలుస్తుంది? ఒకసారి చార్టు కుడి సగం మూసేసి ఇప్పుడు చెప్పండి సార్ అన్నా. "పైకి బ్రేక్ అయితే పైకి, కిందికి బ్రేక్ అయితే కిందికి" అన్నారు. మా ఊరి చిలక జోస్యం ఆయన ఇంతకన్నా ధైర్యంగా చెప్పేవాడు.

ఇక రోజూ పొద్దున 9కి టెలిగ్రామ్‌లో ఇవాళ పైకా కిందికా అని మెసేజ్ వస్తుంది. మీకు సెబీ (షేర్ మార్కెట్‌ని కంట్రోల్ చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగితే "మేం టిప్స్ ఇవ్వం బాస్, ఓన్లీ ఎడ్యుకేషన్" అన్నారు. మరి పొద్దున్నే వచ్చేదేంటి? "అది వ్యూ" అంట. ఎడ్యుకేషన్ మాత్రమే చెప్పేవాళ్ళు గత మూడు నెలల మార్కెట్ ధరలు వాడకూడదని 2025 జనవరిలోనే సెబీ సర్క్యులర్ వచ్చింది మరి.

నేనేం చేశానంటే ఆ మెసేజ్ రాగానే నోట్‌బుక్‌లో రాసి, పక్కనే రూపాయి బిళ్ళ ఎగరేసి బొమ్మ పడితే పైకి, బొరుసు పడితే కిందికి అని రాసుకున్నా, 40 రోజులు. సార్‌ది 22 కరెక్ట్, బిళ్ళది 19. నలభైలో మూడు అటూ ఇటూ అవడం మామూలే కాబట్టి దీన్ని స్కిల్ అనలేను. ఇదేం కొత్త సంగతి కూడా కాదు, 1900లోనే పారిస్‌లో బాషెలియే అనే ఆయన ధరల కదలిక దాదాపు బిళ్ళాట లాంటిదేనని థీసిస్ రాశాడు. రేపు పెరుగుతుందని అందరికీ తెలిస్తే రేపటిదాకా ఎవడు ఆగుతాడు, ఇవాళే కొనేస్తారు, పెరిగేదేదో ఇవాళే పెరిగిపోతుంది.

నాకొచ్చిన డౌట్, బిళ్ళాటే అయితే సగం మందైనా గెలవాలిగా? సెబీ లెక్కలో 2021-22 నుంచి మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్ల పైనే. ఎందుకో నా సొంత స్టేట్‌మెంట్ చూశాకే అర్థమైంది. కోర్సు తర్వాత రెండు నెలల్లో 27 వేలు పోతే అందులో ఆరు వేలు బ్రోకరేజీ, ఎస్‌టీటీ (ట్రేడ్ మీద పడే టాక్స్), జీఎస్టీ లాంటివే. అంటే బిళ్ళ ఎగరేసిన ప్రతిసారీ ఎవడో ఒకడికి కిరాయి కడుతున్నామన్నమాట. అవతల ఆడేది పెద్ద కంపెనీల కంప్యూటర్లు, అది వేరే.

అలాగని అంతా రాండమ్ అని కూడా అనను. ధరలు కొన్నేళ్ళ లెక్కన చూస్తే అతిగా ఊగుతాయని చూపించిన షిల్లర్‌కి, ధరలు ఎటు పోతాయో మార్కెట్‌ని మించి ముందే చెప్పలేమన్న ఫామాకి 2013లో ఎకనామిక్స్‌లో కలిపే నోబెల్ ఇచ్చారు (మా బావమరిదికి చెప్తే, ఒకడు ఔనంటే ఒకడు కాదంటే ఇద్దరికీ ప్రైజా బావా అని ఒకటే నవ్వు). ఇంకోటి, ముసురు పట్టినట్టు, పెద్ద ఊపు వచ్చిన రోజుల చుట్టూ పెద్ద ఊపులే ఉంటాయి. ఎటు పోతుందో తెలియకపోయినా ఎంత ఊగుతుందో కొంత అందుతుంది, ఇండియా విక్స్ (మార్కెట్ ఎంత ఊగొచ్చో అంచనా చెప్పే సూచీ) చూసేది అందుకే. ఒక ట్రేడ్‌లో డబ్బు ఎంత పెట్టాలో తేల్చుకోడానికి పనికొచ్చేది ఇదొక్కటే, దీనికి కోర్సులో ఇచ్చింది ఇరవై నిమిషాలు, అదీ ఆఖరి ఆదివారం లంచ్ ముందు.

ఆప్షన్స్ అసలేంటో తెలియని వాళ్ళు, బేరమాడి పది వేలకి ఇస్తే మొదటి రెండు వారాల కోసం చేరొచ్చు, ఆ టెలిగ్రామ్ గ్రూప్ మాత్రం మ్యూట్‌లో పెట్టుకోండి. అడ్వాన్స్‌డ్ బ్యాచ్ 35,000 అంట, ఇప్పటికీ వారానికి రెండు ఫోన్లు వస్తున్నాయి.