గాడేరు పాయ నుంచి కాకినాడ అఖాతం దాకా: చదును అడుగు బోటు, ‘వి’ అడుగు బోటు – 11 ఏళ్ళ వాడకం

నాది మండపీతల వ్యాపారం. భైరవపాలెం, గాడిమొగ చుట్టుపక్కల పాయల్లో వేట చేసేవాళ్ళ దగ్గర పీతలు ఎత్తి, గాడేరు పాయ గుండా మడ అడవి దాటి, కాకినాడ అఖాతం మీదుగా జగన్నాథపురం కాలువకు చేరుస్తాను. పాయలో నీళ్ళు అద్దంలా ఉంటాయి. అఖాతంలోకి వచ్చాక అసలు పరీక్ష. తూర్పున హోప్ ఐలాండ్ కాపు కాస్తుంది కానీ ఉత్తరం వైపు తలుపు బార్లా తెరిచే ఉంటుంది. పైగా లోతు తక్కువ. ఉత్తరపు గాలి లేచిందంటే కెరటాలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి తరుముకొస్తాయి. పాటు నీళ్ళు పాయలోంచి బయటికి పోతూ ఆ గాలికి ఎదురు తగిలినప్పుడైతే చెప్పక్కర్లేదు.

ఈ దారిలో మొదటి ఆరేళ్ళూ 16 అడుగుల చదును అడుగు ఫైబర్ బోటు నడిపాను. 25 హెచ్.పి. ఔట్‌బోర్డు, అంటే బోటు వెనక తగిలించే ఇంజను. ఆ తర్వాత ఐదేళ్ళుగా 18 అడుగుల ‘వి’ అడుగు బోటు, 40 హెచ్.పి. ఇంజను. రెండూ నీటి మీదికి లేచి పరుగెత్తే బోట్లే, కాబట్టి ఈ పోలిక ఆ పరుగు గురించే.

పడవ నీళ్ళను తోసుకుంటూ పోయినంతసేపూ దాని పొడవే దాని వేగానికి హద్దు. 16 అడుగుల బోటుకు అది గంటకు సుమారు 10 కిలోమీటర్లు. అంతకు మించాలంటే అడుగు నీటిపైకి లేచి జారాలి. హైడ్రోప్లేనింగ్ అంటే అదే. మా కుర్రాళ్ళు ‘బోటు లేచింది’ అంటారు. ఈ లేవడంలో చదును అడుగుదే పైచేయి. కాస్త ఇంజను ఇస్తే చాలు, బల్ల జారినట్టు జారుతుంది. జానెడు నీళ్ళున్నా పోతుంది. ఆగినప్పుడు ఇద్దరు ఒకే వైపు వంగి ట్రేలు ఎత్తినా పెద్దగా ఒరగదు. కొన్న కొత్తలో పాయలో దాన్ని నడుపుతుంటే ఇంతకంటే మంచి బోటు ఉండదనుకున్నాను.

ఉందని అఖాతమే చెప్పింది. కెరటాలు నిటారుగా, దగ్గరదగ్గరగా వచ్చినప్పుడు, లేచిన బోటు ఒక కెరటం మీంచి ఎగిరి రెండో దాని మీద పడుతుంది. అడుగు చదును కాబట్టి వెడల్పంతా ఒకేసారి నీటికి తగులుతుంది. భైరవపాలెం పెద్దాయన ఒకాయన ఒక్క ముక్కలో చెప్పాడు: “అడుగు బల్లలా ఉంటే కెరటం చెంపదెబ్బలా తగుల్తాదండి బాబూ.” వేగం రెట్టింపైతే ఆ దెబ్బ రెట్టింపు కాదు, ఇంచుమించు నాలుగింతలవుతుంది.

2018 కార్తీకంలో ఒక సాయంత్రం ఇంకా కళ్ళముందే ఉంది. ఉత్తరపు గాలి, పాటు నీళ్ళు. చీకటి పడేలోగా చేరాలన్న తొందరలో వేగం తగ్గించలేదు. ఒక దెబ్బకు పెట్రోలు డబ్బా గాల్లోకి లేచి పడింది, గొట్టం ఊడింది, ఇంజను ఆగింది. బోటు కెరటాలకు అడ్డంగా తిరిగిపోయింది. ఆగి ఉన్నప్పుడు చదును అడుగు నిలకడగానే ఉంటుంది గానీ అంచు ఎత్తు తక్కువ కావడంతో నీళ్ళు మీదికొచ్చాయి. ఒకరు తోడిపోస్తూ, ఒకరు గొట్టం తగిలిస్తూ పావుగంట గడిపాం. ఒడ్డుకొచ్చి తడి గోనెలు తీసి చూస్తే డెక్కలూ కాళ్ళూ ఊడిన పీతలు 41. పీత బతికే ఉన్నా డెక్క లేకపోతే సగం ధర కూడా రాదు. ఆ కుదుపులకు నా నడుం ఏమైందో ఎక్స్‌రే తీయించుకున్నాకే తెలిసింది.

బోటు పరిస్థితీ అంతే. అడుగున సన్నటి చీలికలు, ముఖ్యంగా లోపలి పక్కటెముకలు ఆనే చోట. వాటిలోంచి నీళ్ళు, బోటు మునగకుండా లోపల నింపిన ఫోములోకి దిగి, నాలుగో ఏడు దాటేసరికి బోటు బరువెక్కి లేవడానికే మొరాయించేది.

దెబ్బలు పడకూడదంటే వేగం తగ్గించి బోటును కిందికి దింపాలి. దింపితే గంటకు 8, 9 కిలోమీటర్లు. అంటే ఏ గుణం కోసం చదును అడుగు కొన్నానో, సరిగ్గా అవసరమైన రోజున ఆ గుణం పనికిరాలేదు. బోటు కొనేవాళ్ళు చదును నీటిలో ఎంత వేగం వస్తుందని అడుగుతారు. అడగాల్సింది గాలి రోజున ఎంత వేగం నిలబెట్టుకోగలదని.

‘వి’ అడుగులో సంగతి వేరు. గొడ్డలి అంచులా ఉండే ముందుభాగం కెరటాన్ని చీలుస్తుంది, కాబట్టి నీరు అడుగుకు కొంచెం కొంచెంగా తగులుతుంది, దెబ్బ సాగిపోతుంది. 1960లో అమెరికాలోని మయామీ నుంచి బహామాస్‌లోని నసావు దాకా జరిగిన పందెంలో, సముద్రం బాగా రేగి ఉన్న రోజున, రే హంట్ గీసిన ‘మోపీ’ అనే బోటు గెలిచాక ఈ లోతైన ‘వి’ ప్రపంచమంతా పాకింది. దాని అడుగు వెనక చివరిదాకా 24 డిగ్రీల వాలు (అడుగు మధ్య గీత నుంచి పక్క అంచుకు లేచే కోణం). నా బోటుకు అంత లేదు. ముందు పదునుగా ఉండి, వెనక్కి వచ్చేసరికి 16 డిగ్రీలకు తగ్గుతుంది. ఉత్తరపు గాలిలో కూడా గంటకు 20 కిలోమీటర్లు నిలబెడుతున్నాను, గోనెల కింద ఊడిన డెక్కలు రెండో మూడో కనిపిస్తాయంతే. నాకు ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

లోపాలూ చెప్పాలి. చదును బోటు ఒక ట్రిప్పుకు 10 లీటర్లు తాగితే ఇది 15 తాగుతుంది. ఆగితే ఊగుతుంది, సరుకు ఎక్కించేటప్పుడు కొత్తవాళ్ళు భయపడతారు. పాటు సమయంలో పాయ మొగలో బురద మేటలకు ఆనుతుంది, పోటు కోసం గంటలు ఆగిన రోజులున్నాయి. వెనక నుంచి కెరటాలు తరిమేటప్పుడు బరువు ముందుకుంటే ముక్కు నీటిలో గుచ్చుకుని బోటు పక్కకు తిరగాలని చూస్తుంది. అది నిజంగా ప్రమాదం. అందుకే ట్రేలు నడిమికి కాస్త వెనగ్గా పేరుస్తాను. ఎదురు కెరటాల్లో ఇంజను వంపు మార్చి ముక్కు కొద్దిగా దించుతాను, వెనక కెరటాల్లో ఎత్తుతాను. చదును బోటులో ఈ సవరింపుకు ఇంత ఫలితం కనిపించలేదు.

మూడు ఆధారాల మీద తేలే పందెపు హైడ్రోప్లేన్లను ఈ లెక్కలోకి తేకండి. అవి నున్నటి నీటి కోసం పుట్టినవి. కెరటం మీద కింద గాలి దూరితే వెనక్కి తిరగబడతాయి.

మన తాతలు చదును అడుగుతోనే సముద్రంలోకి వెళ్ళారు కదా అని అడిగేవాళ్ళున్నారు. వెళ్ళారు. కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవకు పక్కటెముకలే లేవు, దెబ్బ తగిలితే ఒళ్ళంతా వంగి తట్టుకునేది. తెప్ప దుంగల సందుల్లోంచి నీరు దానంతటదే జారిపోయేది. రెండూ తెడ్డుతోనో తెరచాపతోనో మెల్లగా నడిచేవి. బిగుసుకున్న ఫైబర్ అడుగును ఇంజనుతో పరుగెత్తించడం వేరే సంగతి.

చదును బోటు అమ్మలేదు. ఫోము మార్పించి, చీలికలు పూడ్పించి పాయల లోపల పీతలు ఎత్తడానికి ఉంచుకున్నాను. అక్కడ దానికి సాటి లేదు. సరుకు మొగ దగ్గర ‘వి’ బోటులోకి మారుతుంది. ఒక్కటే కొనగలిగినవాళ్ళు, దారిలో ఎక్కడైనా గాలికి తెరుచుకున్న నీళ్ళు ఉంటే, ముందు పదును, వెనక 14 నుంచి 18 డిగ్రీల వాలు ఉన్నది తీసుకోండి. వీలైతే గాలి రోజునే నడిపి చూసి డబ్బు కట్టండి.