టూల్ డిస్క్రిప్షన్: ఒక్క లైను చాలా, పేరా రాయాలా?

తిరుపతిలో మా మామకు మూడు కార్లతో చిన్న ట్రావెల్స్ ఉంది. వచ్చే మెసేజ్‌లకు జవాబులిచ్చేలా నేనొక ఏఐ ఏజెంట్ తయారుచేసి ఇచ్చాను. దాని చేతిలో నాలుగే టూల్స్ (అది అవసరమైనప్పుడు పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రాములు): ఛార్జీ చెప్పేది, బండి బుక్ చేసేది, బుకింగ్ రద్దు చేసేది, బండి ఎక్కడుందో చూసేది. ఛార్జీ టూల్‌కు మొదట నేను రాసిన డిస్క్రిప్షన్, అంటే ఆ టూల్ ఏం చేస్తుందో ఏజెంట్‌కు చెప్పే వివరణ, ఇంతే: "రెండు చోట్ల మధ్య ఛార్జీ చెబుతుంది."

రేణిగుంట స్టేషన్‌లో దిగబోయే ఒక కుటుంబం "తిరుపతికి ఎంత?" అని అడిగింది. ఏజెంట్ ఊళ్లోకి రేటు చెప్పి, బండి కూడా బుక్ చేసేసింది. వాళ్లు వెళ్లాల్సింది కొండపైకి. అలిపిరి దగ్గర డ్రైవర్‌తో మాటామాటా పెరిగి, చంటిబిడ్డతో ఎండలో నిలబడిపోయారు, చివరికి మామ అదే రేటుకు పైకి పంపించాడు. నాకు ఆ రోజంతా మనసు బాగోలేదు. దూరం నుంచి వచ్చేవాళ్లు చాలామందికి తిరుపతి అన్నా తిరుమల అన్నా ఒకటే కదా, ఆ సంగతి ఏజెంట్‌ను నడిపే ఏఐ మోడల్‌కూ తెలిసే ఉండొచ్చు, కానీ మా టూల్‌లో ఆ రెంటికీ వేరువేరు రేట్లున్నాయని దానికి ఎవరు చెప్పారు? మనం రాసిన కోడ్ మోడల్‌కు కనబడదు. టూల్ పేరు, డిస్క్రిప్షన్, ఏ వివరాలు ఇవ్వాలో చెప్పే స్కీమా, ఈ మూడే దాని ముందుంటాయి.

ఒక్క లైనుకు ఉన్న మేలు ఖర్చు తగ్గడం. డిస్క్రిప్షన్లు ప్రతి రిక్వెస్ట్‌తోనూ మోడల్‌కు వెళ్తాయి, ప్రతిసారీ టోకెన్లు (మోడల్ చదివే మాటల ముక్కలు, ఖర్చు లెక్క వీటి మీదే) పడతాయి. బండి ఎక్కడుందో చూసే టూల్‌కు ఇప్పటికీ ఒక్క లైనే ఉంచాను, బుకింగ్ నంబర్ ఇస్తే చాలు, అపార్థానికి తావు లేదు.

ఛార్జీ టూల్‌కు మాత్రం పేరానే మేలు. ఇప్పుడు ఇలా ఉంది: "రెండు చోట్ల మధ్య కారు ఛార్జీ చెబుతుంది, బండి బుక్ చేయదు. కస్టమర్ 'తిరుపతి' అంటే ఊరా, కొండపైన తిరుమలా అని ముందు అడగాలి, తేలకపోతే ఈ టూల్ వాడకూడదు. 'కొండకు', 'పైకి' అంటే తిరుమల. ఎయిర్‌పోర్ట్ అంటే రేణిగుంట వైపు ఉన్నది." ఇందులో అన్నిటికన్నా పని చేసింది ఎప్పుడు వాడకూడదో చెప్పిన మాట. క్లాడ్ అనే ఏఐ మోడళ్లు తయారుచేసే ఆంత్రోపిక్ వాళ్ల డాక్యుమెంటేషన్ కూడా ఒక్కో టూల్‌కు కనీసం 3, 4 వాక్యాలు రాయమనే చెబుతుంది.

అలాగని పేరా పెంచుకుంటూ పోకూడదు. ఒక దశలో రేట్ల పట్టిక మొత్తం అందులోనే పెట్టాను, డీజిల్ ధర మారి రేట్లు మార్చినప్పుడు ఏజెంట్ టూల్ వాడకుండానే పాత రేటు చెప్పేసింది. రేటు రావాల్సింది టూల్ ఇచ్చే జవాబులో. కొన్ని మాటలకైతే పేరా కన్నా స్కీమానే గట్టిది: కాణిపాకం, శ్రీకాళహస్తి అడిగేవాళ్లు ఎక్కువగా దర్శనం చేసుకుని అదే బండిలో తిరిగొస్తారు, ఎయిర్‌పోర్ట్‌కు అడిగేవాళ్లకు ఒక వైపు చాలు, అందుకని ట్రిప్ రకం అనే ఫీల్డ్ తప్పనిసరి చేసి "ఒకవైపు", "రానుపోను" అని రెండే విలువలు పెట్టాను. ఆ తికమక ఆ రోజుతో పోయింది.

ఇవన్నీ సిస్టమ్ ప్రాంప్ట్‌లోనే (ఏజెంట్‌కు మొదట్లో ఇచ్చే సూచనల్లోనే) రాసేయొచ్చు కదా అంటారు కొందరు. నేనూ చేసి చూశాను. ఒక్క ఏజెంటే ఉంటే నడుస్తుంది. కానీ 2024 నవంబర్‌లో వచ్చిన ఎంసీపీ (టూల్స్‌ను వేర్వేరు ఏఐ ఏజెంట్లకు తగిలించే ఉమ్మడి ప్రమాణం) లాంటి పద్ధతిలో అదే టూల్‌ను ఇంకో ఏజెంట్‌కు తగిలిస్తే డిస్క్రిప్షన్ దానితోపాటు వెళ్తుంది, మన ప్రాంప్ట్ వెళ్లదు.

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా? తెలుగు లిపికి చాలా మోడళ్లలో టోకెన్లు ఎక్కువ పడతాయి, కాబట్టి నియమాలు ఇంగ్లీషులో ఉన్నా ఫర్వాలేదు (పైన నేను తెలుగు చేసి చూపించాను). కస్టమర్ నోట వచ్చే "కొండకు", "రానుపోను" లాంటి మాటల్ని మాత్రం ఉన్నవి ఉన్నట్టు తెలుగులోనే పెట్టండి.

ఇప్పుడు ఒక్క వాక్యం మార్చినా, పేర్లూ నంబర్లూ తీసేసి దాచుకున్న 30 పాత మెసేజ్‌లను మళ్లీ ఏజెంట్ చేత చదివిస్తాను. వాటిలో మొదటిది ఆ రేణిగుంట కుటుంబం అడిగిన ప్రశ్న.