ఆకుపచ్చ టిక్కుని నమ్మకండి: బ్యాక్టీరియా జీనోమ్ సీక్వెన్సింగ్ సర్వీస్ మీద నా రివ్యూ

బ్యాక్టీరియా డీఎన్ఏ పంపిస్తే దాన్ని మొత్తం (అంటే జీనోమ్) చదివిచ్చే వీళ్లకి రెండు బ్యాచ్‌లు పంపించా, మొదట ఆరు తర్వాత అయిదు, మొత్తం పదకొండు శాంపిల్స్, కాబట్టి రివ్యూ రాసేంత అనుభవం వచ్చిందనే అనుకుంటున్నా. కంపెనీ పేరు మాత్రం చెప్పను, అడగొద్దు. నాకు జరిగిందే వేరే వేరే సర్వీసులు వాడిన నా ఫ్రెండ్స్‌కి కూడా జరిగింది. ముందే చెప్పేస్తా, సీక్వెన్సింగ్ బాగుంది, డేటా బాగుంది, చెప్పిన టైమ్‌కే వచ్చింది. డేటాతో పాటు రంగురంగుల రిపోర్టు ఒకటి పంపిస్తారు చూశారూ, తంటా అంతా దాంతోనే.

మా పనేంటంటే, నీళ్లు ఆపేసిన జొన్న మొక్కల వేళ్ల దగ్గర నుంచి బ్యాక్టీరియా తీసి, వాటిలో ఏది బెట్టలో మొక్కకి సాయం చేస్తుందో చూడటం. జొన్నే ఎందుకంటే బెట్ట తగిలితే దాని వేళ్ల చుట్టూ ఉండే బ్యాక్టీరియా జనాభానే మారిపోతుంది, ఆక్టినోబ్యాక్టీరియా లాంటివి పెరిగిపోతాయి, 2018లో దీని మీద మంచి పేపర్ వచ్చింది, మా ల్యాబ్‌లో అందరం దాన్ని పట్టుకునే ఈ పనిలోకి దిగాం.

బెట్టలో మొక్క లోపల చాలా జరుగుతాయి గానీ ఈ రివ్యూకి రెండు తెలిస్తే చాలు. ఒకటి ఏబీఏ అనే హార్మోన్. దాన్ని పట్టుకునే ప్రోటీన్, అంటే రిసెప్టర్, 2009లో గానీ దొరకలేదు, అప్పటిదాకా అందరూ వెతుకుతూనే ఉన్నారు. ఏబీఏ వచ్చి రిసెప్టర్‌లో కూర్చోగానే అది పీపీ2సీ అనే బ్రేకుని పట్టేసుకుంటుంది, ఆ బ్రేకు ఊడగానే ఎస్ఎన్ఆర్‌కే2 కైనేజ్‌లు అనే ఎంజైమ్‌లు పనిలోకి దిగుతాయి, ఆకు మీద పత్రరంధ్రాలు మూసుకుంటాయి. నీళ్లు మిగుల్తాయి సరే, కార్బన్ డయాక్సైడ్ కూడా లోపలికి రాదు కదా, అందుకే మొక్క బతికినా దిగుబడి పడిపోతుంది. రెండోది ఇథిలీన్. ఏసీసీ అనే ముడిసరుకు నుంచి తయారవుతుంది, బెట్టలో ఎక్కువైపోయి వేరు ఎదుగుదలని ఆపేస్తుంది. కొన్ని బ్యాక్టీరియా దగ్గర ఏసీసీ డీఅమినేజ్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది (1978లోనే కనిపెట్టారు), వేరు నుంచి బయటికి కారే ఏసీసీని అమ్మోనియా, ఆల్ఫా కీటోబ్యూటిరేట్ కింద విరగ్గొట్టి నైట్రోజన్ కోసం తినేస్తాయి. దానికి తిండి దొరికింది, మొక్కకి ఇథిలీన్ తగ్గింది. ఈ ఎంజైమ్‌కి జీన్ ఏసీడీఎస్. మేం జీనోమ్‌లో వెతికేది దీన్నే.

ఇప్పుడు అసలు కథకి వస్తా. మొదటి బ్యాచ్ రిపోర్టు ఓపెన్ చేస్తే 2వ శాంపిల్‌కి మూడో పేజీలో "ఏసీసీ డీఅమినేజ్ ఉంది, బెట్ట తట్టుకునే గుణానికి తోడ్పడుతుంది" అని, పక్కన పెద్ద ఆకుపచ్చ టిక్కు. ఎగిరి గంతేసినంత పని చేశా. ప్రింట్ తీసుకుని మా గైడ్ మేడం రూమ్‌కి పరిగెత్తా. మేడం టిక్కు వైపు చూడను కూడా చూడలేదు, "295 దగ్గర ఏముంది?" అన్నారు అంతే. నాకు 295 ఏంటో తెలీదు. తల ఊపి బయటికొచ్చేశా.

తర్వాత చదివితే తెలిసింది, ఈ ఎంజైమ్‌కి అచ్చం అలాగే కనిపించే చుట్టం ఒకటి ఉంది, డీ-సిస్టీన్ డీసల్ఫ్‌హైడ్రేజ్. సీక్వెన్స్ చూస్తే కవలల్లా ఉంటాయి, పని మాత్రం వేరు, అది ఏసీసీని ముట్టుకోదు. సూడోమొనాస్ యూడబ్ల్యూ4 అనే బ్యాక్టీరియా ఎంజైమ్‌ని రిఫరెన్స్‌గా పెట్టుకుంటే ప్రోటీన్ గొలుసులో 295వ స్థానంలో గ్లూటమేట్, 322వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాలు ఉండాలి. టమాటాలో కూడా ఇలాగే ఏసీసీ డీఅమినేజ్ అని పొరబడ్డ ప్రోటీన్ ఒకటుంది, 2008లో వచ్చిన పేపర్‌లో దాంట్లో ఆ రెండు అమైనో ఆమ్లాలు మార్చి చూస్తే ఏసీసీని విరగ్గొట్టడం మొదలెట్టింది, బ్యాక్టీరియా ఎంజైమ్‌లో అవే రెండు అటు తిప్పితే డీసల్ఫ్‌హైడ్రేజ్‌లా పని చేసింది. రెండంటే రెండే! సరే అని నా 2వ శాంపిల్ ప్రోటీన్‌ని రిఫరెన్స్ పక్కన పెట్టి అలైన్ చేశా, రాత్రి పదకొండుకి, రెండు చోట్లా వేరే అక్షరాలు. నమ్మబుద్ధి కాక ఏసీసీ తప్ప ఇంకే నైట్రోజనూ లేని మీడియంలో పెంచి చూశా, అయిదు రోజులైనా ప్లేటు అద్దంలా ఉంది. కంట్రోల్‌గా పెట్టిన అమ్మోనియం సల్ఫేట్ ప్లేటులో మాత్రం దట్టంగా పెరిగింది. 540 నానోమీటర్ల దగ్గర కీటోబ్యూటిరేట్ రీడింగ్ కూడా బ్యాక్టీరియా లేని బ్లాంక్‌కి పెద్ద తేడా లేదు. టిక్కు పోయింది.

దీనికి వీళ్లని పూర్తిగా తప్పుపట్టను, సాఫ్ట్‌వేర్ దగ్గరగా ఉన్న పేరు అంటించేస్తుంది, డేటాబేస్‌లలోనే ఈ తప్పు పేర్లు బోలెడు. కానీ పేరు అంటించడం వేరు, పక్కన టిక్కు పెట్టి బెట్టకి పనికొస్తుంది అని రాయడం వేరు. ఇంకో నవ్వొచ్చే ముక్క చెప్తా. అదే టేబుల్‌లో మా బాసిల్లస్ శాంపిల్‌కి "సీఎస్‌పీబీ ఉంది" అని ఇంకో ఆకుపచ్చ టిక్కు. ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచిస్తే, బాసిల్లస్ సబ్టిలిస్‌లోని ఈ కోల్డ్ షాక్ ప్రోటీన్ జీన్‌నే మొక్కజొన్నలో పెట్టి బెట్ట తట్టుకునే రకం చేశారు, మాన్ 87460, అమెరికాలో 2011లో పర్మిషన్ వచ్చింది. ఆర్ఎన్ఏ ముడులు పడకుండా చూసే ప్రోటీన్ అది. అక్కడ ఆ జీన్ మొక్క కణంలోనే ఉండి పనిచేస్తుంది నాయనా! వేరు మీద కూర్చున్న బ్యాక్టీరియాలో ఉంటే మొక్కకి ఏం ఒరుగుతుంది, ఇలాంటి కోల్డ్ షాక్ జీన్‌లు బాసిల్లస్‌లలో మామూలుగా ఉండేవే. ఎవరో కీవర్డ్‌లు ఏరి లిస్టు తయారుచేసి వదిలేశారు, అంతకంటే ఏం లేదు.

4వ శాంపిల్‌ది ఇంకో రకం గొడవ, దీంట్లో తప్పు నాది కూడా ఉంది. మొదటి పేజీలో "జీనోమ్ సైజు 1 కోటి 14 లక్షల బేస్‌లు, జాతి తేలలేదు, కొత్తది కావచ్చు" అని. బేస్ అంటే డీఎన్ఏలో ఒక్క అక్షరం. కొత్త జాతి అనేసరికి పేరు ఏం పెట్టాలా అని కూడా ఆలోచించేశా, అబద్ధం ఎందుకు. ఈ. కోలై జీనోమ్ 46 లక్షలు, మట్టి బ్యాక్టీరియా కొన్ని కోటి దాటతాయి గానీ ప్లేటు మీద నా కాలనీ చూస్తే అంత మొహం లేదు దానికి. డీఎన్ఏలో జీ, సీ అక్షరాలు ఎంత ఉన్నాయో చూపే జీసీ శాతం గ్రాఫ్ గీస్తే ఒంటె వీపులా రెండు గూనులు, ఒకటి 35 దగ్గర, ఇంకోటి 62 దగ్గర. అంటే బాసిల్లస్ ఒకటి సూడోమొనాస్ ఒకటి కలిసి ఉన్నాయి, బాసిల్లస్ స్పోర్స్ (నిద్రపోయే గింజల్లాంటివి) రూపంలో కాలనీ కింద దాక్కుని ఉంటుంది, నేను సరిగ్గా స్ట్రీక్ (ప్లేటు మీద గీసి ఒక్క రకాన్నే విడదీయడం) చేయలేదు. ఒప్పుకుంటా. కానీ ఒకే కాపీ ఉండాల్సిన జీన్‌లు అన్నీ రెండేసి ఉన్నాయని, అంటే కంటామినేషన్ దాదాపు నూటికి నూరు అని, చెక్ఎమ్ అనే కల్తీ చూసే సాఫ్ట్‌వేర్ టేబుల్‌లో వాళ్లకే కనిపించింది, ఏడో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు. అది మొదటి పేజీలో ఎర్రగా వేయాలి కదండీ. సపోర్టుకి మెయిల్ పెడితే "డేటా మా క్వాలిటీ ప్రమాణాలకి తగ్గట్టే ఉంది" అని రెండు లైన్లు. అవును ఉంది, రెండు బ్యాక్టీరియా డేటా క్వాలిటీగానే ఉంది!

సరే, తిట్టింది చాలు, మెచ్చుకోవాల్సిన దగ్గరికి వస్తా. 6వ శాంపిల్ అజోస్పిరిల్లమ్ అనే బ్యాక్టీరియా. మొదట చవక ప్యాకేజీ తీసుకున్నా, షార్ట్ రీడ్స్ ఒక్కటే, 150 బేస్‌ల ముక్కలు. జీనోమ్ 140 ముక్కలై వచ్చింది. ఇది వాళ్ల లోపం కాదు, పద్ధతే అంత, రైబోజోమ్ ఆర్ఎన్ఏ జీన్‌ల గుంపు ఒక్కోటి 5 వేల బేస్‌లు ఉంటుంది, అదే గుంపు జీనోమ్‌లో చాలా చోట్ల ఉంటుంది (ఈ. కోలైలో 7 చోట్ల), 150 బేస్‌ల ముక్క పట్టుకుని అది ఏ గుంపుదో ఎలా చెప్తాం, అక్కడికి రాగానే అసెంబ్లీ (ముక్కలు కలిపి జీనోమ్ కట్టడం) తెగిపోతుంది. తర్వాత డబ్బులు కట్టి నానోపోర్ లాంగ్ రీడ్స్ (పొడుగు ముక్కలు చదివే పద్ధతి) కూడా చేయించా, రెండూ కలిపి అసెంబుల్ చేసి ఇచ్చారు, 140 ముక్కలు కాస్తా 7 అయ్యాయి, అన్నీ గుండ్రంగా మూసుకున్నాయి. ఒక క్రోమోజోమ్, మిగతావి ప్లాస్మిడ్‌లు, అంటే క్రోమోజోమ్ బయట విడిగా ఉండే డీఎన్ఏ చుట్టలు. అబ్బ, ఆ బొమ్మ చూస్తే కడుపు నిండిపోయింది.

ఏసీడీఎస్ ఎక్కడుందో చూడండి మరి, ప్లాస్మిడ్ మీద. (ఈసారి 295, 322 ముందే చూసుకున్నా, రెండూ సరిగ్గా ఉన్నాయి, మీడియంలో కూడా పెరిగింది.) ప్లాస్మిడ్ మీద ఉందని తెలియడం చాలా ముఖ్యం, ఎందుకంటే అజోస్పిరిల్లమ్ లిపోఫెరమ్ 4బీ అనే స్ట్రెయిన్‌లో ఏసీడీఎస్ ఉన్న ప్లాస్మిడ్ ఊడిపోయి, ఆ జీన్ లేని కణాలు తయారవడం ముందే చూసి ఉన్నారు. అంటే నేను ల్యాబ్‌లో నెలల తరబడి ప్లేటు మీంచి ప్లేటుకి మారుస్తూ పోతే చివరికి కుండీలో వేసేది ఏసీడీఎస్ లేని బ్యాక్టీరియా అయ్యుండొచ్చు, అది తెలీక మొక్క మీద ఫలితం రావట్లేదని తల పట్టుకుని కూర్చునేదాన్ని. 140 ముక్కల అసెంబ్లీలో ఇది కనిపించేది కాదు. వెంటనే బ్యాక్టీరియాని మారకుండా దాచే గ్లిజరాల్ స్టాక్‌లు ఇరవై చేసి మైనస్ 80లో పెట్టేశా. లాంగ్ రీడ్స్ ప్యాకేజీకి పెట్టిన డబ్బులకి ఇదొక్కటి చాలు. షార్ట్ రీడ్స్ ఒక్కటే చేయించుకోవాలంటే ఏ జాతో తేల్చుకోవడానికి అయితే ఓకే, తెలిసిన జీనోమ్‌తో పోలిస్తే సగటు పోలిక 95 శాతం దాటిందా లేదా అన్నదానికి 140 ముక్కలైనా సరిపోతుంది.

స్పీడ్ గురించి ఒక మాట. 1995లో మొదటి బ్యాక్టీరియా జీనోమ్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే, 18 లక్షల బేస్‌లు, అది వస్తే ప్రపంచమంతా చెప్పుకున్నారు. నేను ఆరు ట్యూబులు కొరియర్‌లో పడేస్తే రెండున్నర వారాల్లో ఆరు జీనోమ్‌లు మెయిల్‌కి వచ్చాయి. దానికి మాత్రం దండం పెట్టాలి.

పంపించే వాళ్లకి: డీఎన్ఏ ఎంతుందో కొలిచే నానోడ్రాప్ మెషీన్‌లో చూసి ఎక్కువుందని సంబరపడొద్దు, ఆర్ఎన్ఏని కూడా కలిపి చూపిస్తుంది, డీఎన్ఏని మాత్రమే కొలిచే క్యూబిట్‌లో చూడండి. నా 3వ శాంపిల్ నానోడ్రాప్‌లో 90 చూపించింది, క్యూబిట్‌లో 11. వాళ్లు రిజెక్ట్ చేసి మళ్లీ పంపమన్నారు, కరెక్టే చేశారు. బాసిల్లస్ లాంటి గోడ మందం వాటికి లైసోజైమ్ వేసి ముందు అరగంట ఉంచండి. లాంగ్ రీడ్స్ కోసం అయితే వోర్టెక్స్ (మెషీన్ మీద గిలకొట్టడం) చేయొద్దు, పిపెట్‌తో గట్టిగా ఎక్కించి దించొద్దు, పొడుగు డీఎన్ఏ ముక్కలైపోతే ఆ తర్వాత ఎవరూ ఏం చేయలేరు. ఇంకా ముఖ్యంగా ఆర్డర్ పెట్టేటప్పుడే రా ఫాస్ట్‌క్యూ ఫైల్స్ (మెషీన్ చదివిన అసలు ముక్కలు) కావాలని అడగండి, అడక్కపోతే అసెంబ్లీ మాత్రమే ఇస్తారు, 4వ శాంపిల్ రెండుగా విడదీయడానికి నాకు పనికొచ్చింది ఆ ఫైల్సే.

వీళ్లకి మొక్కల ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ (ఏ జీన్‌లు పనిచేస్తున్నాయో చూసేది) కూడా ఉంది, మా పక్క బెంచీ అమ్మాయి చేయించింది. డేటా బాగానే ఉందట. తనే కంట్రోల్ ఆకులు పొద్దున తొమ్మిదికి, బెట్ట మొక్కల ఆకులు మధ్యాహ్నం మూడుకి కోసింది, మొక్క జీన్‌లలో చాలావాటికి గడియారం ఉంటుంది కాబట్టి ఇప్పుడు ఏది బెట్ట వల్ల మారిందో ఏది టైమ్ వల్ల మారిందో తెలీక మళ్లీ మొదటికొచ్చింది. అది సర్వీసు లెక్కలో వేయను.

రెండో బ్యాచ్‌కి మూడో పేజీ టేబుల్ నాకొద్దు, తీసేయండి అని ఆర్డర్‌లోనే రాశా. పంపించారు, అదే టేబుల్, అవే టిక్కులు, ఈసారి కొంచెం ముదురు ఆకుపచ్చ. 5కి 3.5 ఇస్తున్నా, డేటా ఒక్కటే లెక్కేస్తే 4.5. మూడో బ్యాచ్ కూడా ఇక్కడికే పంపుతా. 4వ శాంపిల్‌ని ఈసారి మూడుసార్లు స్ట్రీక్ చేశా, ప్లేట్లు ఇంకా ఇంక్యుబేటర్‌లోనే ఉన్నాయి.