రిట్రీవర్ శిక్షణకు కాన్వాస్ డమ్మీ: పనికొచ్చేదే, కుట్లు చూసి కొనండి

వేటలో కూల్చిన పక్షిని నోట కరుచుకు తెచ్చే కుక్కే రిట్రీవర్; దాని శిక్షణలో పక్షికి బదులు విసిరే దిండులాంటి వస్తువే డమ్మీ. దూకుడెక్కువున్న లాబ్రడార్‌కి గట్టి ప్లాస్టిక్ బంపర్ (ప్లాస్టిక్ డమ్మీ) కంటే కాన్వాస్ డమ్మీయే మేలు. మెత్తగా ఉంటుంది కాబట్టి నోట్లో జారదు. కుక్కపిల్లకు పావుకిలోది, ఎదిగిన కుక్కకు అరకిలోది సరిపోతుంది.

రంగు దగ్గరే చాలామంది పొరపడతారు. తెల్లది గాల్లో ఎగిరేటప్పుడు కుక్కకు బాగా కనిపిస్తుంది. నారింజ రంగుది గడ్డిలో మనకు కనబడుతుంది, కుక్కకు అంతగా ఆనదు; ఈలతో, చేతి సైగతో పంపే అభ్యాసానికి అదే సరైనది.

లోపం కుట్లలోనే. విసరడానికి ఉండే తాడు కుట్టినచోట ముందు తెగుతుంది. తడిశాక నీడన పూర్తిగా ఆరబెట్టకపోతే బూజు పడుతుంది.

పని కాగానే డమ్మీ దాచేయండి. ఆడుకోమని వదిలేస్తే నమలడం మరిగి, రేపు పక్షినీ నలిపేస్తుంది. విసిరిన ప్రతిసారీ కుక్కను పంపకండి. కొన్ని మీరే నడిచి తెచ్చుకోండి. లేకుంటే కూర్చోమన్నా ఆగదు.