తుఫాన్ల కాలానికి ముందు ఇంటి చెట్టు: తల నరికించడమా, కొమ్మలు పలచన చేయించడమా?

నెల్లూరు జిల్లాకు ఏటా వచ్చే వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. ఈ తీరాన్ని తుఫాన్లు తాకేదీ చాలావరకు ఆ నెలల్లోనే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుఫాను ఈ ప్రాంతపు పెద్దవారికి ఇప్పటికీ గుర్తే. అందువల్ల వినాయక చవితి దాటేసరికి నెల్లూరు, కావలి, ఒంగోలు వీధుల్లో గొడ్డళ్ల చప్పుడు మొదలవుతుంది. ఇంటి మీద పడుతుందన్న భయంతో వేపను, మామిడిని, కానుగను సగానికి నరికి మోడులుగా నిలబెడతారు. భయం న్యాయమైనదే, కానీ ఎంచుకున్న మార్గం ఆ భయాన్ని తీర్చేది కాదు.

తల నరికించడంలో కనిపించే లాభం ఒక్కటే: పని ఒక పూటలో ముగుస్తుంది, ఆ ఏడాదికి గాలి పట్టే గుబురు ఉండదు. ఆ తర్వాత జరిగేది చూడాలి. చెట్టు తన వేళ్లను పోషించుకునేది ఆకుల్లో తయారయ్యే ఆహారంతోనే కనుక, ఆకులన్నీ ఒకేసారి పోయినప్పుడు అది నిల్వ ఉన్న శక్తినంతా ఖర్చుచేసి, బెరడు కింద నిద్రాణంగా ఉన్న మొగ్గల నుంచి గుత్తులు గుత్తులుగా కొత్త కొమ్మలను వేస్తుంది. చిన్ననాటి నుంచి పెరిగిన కొమ్మ మాను చెక్కలోకి పొరలు పొరలుగా పెనవేసుకుని ఉంటుంది; ఈ కొత్తవి మాత్రం పైపొరను పట్టుకుని, వేగంగా, నిటారుగా పెరుగుతాయి. రెండు మూడేళ్లలో చెట్టు మునుపటి ఎత్తుకు వస్తుంది, కానీ ఈసారి ప్రతి కొమ్మా మొదట్లోనే బలహీనం. పైగా నరికిన చోటు మానక పుచ్చు పడుతుంది, అన్నేళ్లూ నీడలో ఉన్న బెరడు మే నెల ఎండకు పగులుతుంది, ఆ పగుళ్లు మామిడిలో కాండం తొలిచే పురుగుకు అనువైన చోటవుతాయి. ఇంటి రక్షణ కోసం చేసిన పనే కొన్నేళ్లకు ఇంటికి ముప్పు తెస్తుంది.

కొమ్మలు పలచన చేయించడం నిదానమైన పని, కూలీ కూడా ఎక్కువవుతుంది. అయినా నా అభిప్రాయంలో పెద్ద చెట్లకు ఇదే మేలు. ఎండినవి, పుచ్చినవి, ఒకదానితో ఒకటి రాసుకునేవి, ఇంటి కప్పు మీదికి వంగినవి ఏరి తీయించాలి. ఒక ఏడాదిలో పచ్చని గుబురులో నాలుగో వంతుకు మించి తీయకూడదు. అప్పుడు గాలి చెట్టును తోసుకుపోకుండా సందుల్లోంచి వెళుతుంది, ఆకులు మిగిలి ఉంటాయి కనుక వేళ్లు నీరసించవు. ఇందులోనూ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. లోపలి రెమ్మలన్నీ గీకేసి కొమ్మల కొసన మాత్రమే గుబురు వదిలితే బరువంతా చివరికి చేరి, కొమ్మ గాలికి మరింత ఊగి విరుగుతుంది. పలచన చేయవలసింది కొసల వైపే ఎక్కువగా.

కోత ఎక్కడ పెట్టామన్నదాని మీదే గాయం మానడం ఆధారపడి ఉంటుంది. కొమ్మ మాను నుంచి పుట్టే చోట ఉబ్బెత్తుగా ఒక వలయం కనిపిస్తుంది. దానిని చెక్కకుండా, దానికి బయట పొడుగాటి మొండి మిగలకుండా, రంపంతో కోయించాలి. బరువైన కొమ్మకైతే మానుకు అడుగు దూరంలో ముందు కిందినుంచి కొంత లోతు కోసి, తర్వాత ఇంకాస్త బయటగా పైనుంచి తెంచి, మిగిలిన ముక్కను చివరగా తీయాలి. లేకపోతే కొమ్మ పడుతూ మాను బెరడును చీల్చుకుపోతుంది. మామిడిలో కోసిన చోట బోర్డో పేస్టు పూయడం మంచిది: 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం విడివిడిగా అర లీటరు చొప్పున నీళ్లలో కరిగించి, ఇనుప పాత్రలో కాకుండా ప్లాస్టిక్ బకెట్‌లో కలపాలి. మామిడికి ఈ పని కాయ కోసిన వెంటనే, జూన్, జూలై నెలల్లో చేయించాలి. అక్టోబరులో చేయిస్తే ఆలస్యంగా వచ్చే చిగుళ్లు పూత కాలానికి ముదరక, ఆ ఏడాది కాపు దెబ్బతింటుంది.

అన్ని చెట్లకూ ఒకే తీర్పు చెల్లదు. మునగకు తల నరకడమే సరైనది. కాపు అయ్యాక మూడడుగుల ఎత్తులో కోస్తే కొత్త కొమ్మలకే మళ్లీ కాస్తుంది. కొబ్బరికి ఈ రెండు మార్గాలూ పనికిరావు. ఎండిన మట్టలు తీసి, తుఫాను హెచ్చరిక రాగానే ముదిరిన కాయలు దింపించడమే దానికి చాలు. పచ్చిమట్టలు మొదలంటా నరికితే ఆ గాయాల వాసనకు ఎర్రముక్కు పురుగు చేరుతుంది. కొసలు ఎండిపోయినట్టు కనిపించే వేపను చచ్చిందనుకుని నరికించవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. కొన్నేళ్లుగా టీ దోమ అనే రసం పీల్చే పురుగు, ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వేపలు ఇలా మాడుతున్నాయి, కానీ చాలా చెట్లు వేసవికి తిరిగి చిగురిస్తున్నాయి.

నిజానికి తుఫానులో కూలిన చెట్లలో చాలావాటికి లోపం పైన కాదు, కింద ఉంటుంది. ప్రహరీ పునాది కోసం ఒక పక్క వేళ్లన్నీ తెగ్గొట్టి, మరో పక్క మాను దాకా గచ్చు చేయించిన చెట్టు, నేల నానగానే వేళ్లతో సహా లేచిపోతుంది. ముఖ్యంగా తీరం వెంబడి ఇసుక నేలల్లో ఈ ప్రమాదం ఎక్కువ. మాను చుట్టూ కనీసం నాలుగడుగుల మట్టి వదలకుండా పైన ఎంత పలచన చేయించినా ప్రయోజనం అంతంతమాత్రమే. చెట్టు మొదలు దగ్గర కుక్కగొడుగులు పుట్టినా, ఒరిగిన వైపుకు ఎదురుగా నేల బీటలిచ్చినా ఆ చెట్టును పూర్తిగా తీయించడం గురించి ఆలోచించాలి. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) చెట్ల నరికివేతకు అనుమతి అడుగుతుంది కనుక ముందుగా మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో విచారించుకోవాలి, కరెంటు తీగలు దగ్గరగా ఉంటే విద్యుత్ సిబ్బంది వచ్చి లైను ఆపేదాకా ఎవరినీ చెట్టెక్కనివ్వకూడదు.