రొయ్యల చెరువుల సామాన్ల షాపులో గుహ సామాను: ఏది కొనొచ్చు, ఏది వద్దు

భీమవరం చుట్టుపక్కల ఏ రోడ్డు పట్టుకున్నా ఆక్వా సామాన్ల షాపు ఒకటి తగులుతుంది. బయట ఏరేటర్ ఫ్యాన్లు, లోపల వలలు, తాళ్లు, గమ్‌బూట్లు, మందుల డబ్బాలు, బోర్డు మీద ఓనరు పేరు కన్నా మేత కంపెనీ పేరు పెద్దగా. ఈ రివ్యూ అలాంటి ఒక షాపుకే. పేరు రాయను, కొన్ని తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. అయినా అలాంటి షాపులన్నిట్లో దాదాపు అదే సరుకు.

నాకు ఆ షాపుతో పనేంటంటే, నేను ఉద్యోగం చేసేది ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ దగ్గర, అక్కడ సెలవు రోజుల్లో నిలువు గుహల్లోకి తాళ్ల మీద దిగే పిచ్చి పట్టుకుంది. బొర్రా గుహల్లాగా మెట్లు, లైట్లు ఉండవు. ఊరి పక్కనే వెర్కోర్ అని సున్నపురాయి కొండలున్నాయి. వాన నీళ్లు గాలిలోదీ మట్టిలోదీ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కాస్త పులుపెక్కి, రాతి పగుళ్లను వేల ఏళ్లుగా తినుకుంటూ నిట్టనిలువుగా కిందికి పోతాయి, ఆ దారే మనం దిగే బావులు. అక్కడి గూఫ్ర్ బెర్జే అనే గుహను 1953లో కనిపెట్టారు, 1956కి వెయ్యి మీటర్ల లోతు దాటారు. ప్రపంచంలో ఏ గుహలోనైనా మనిషి అంత లోతుకు దిగడం అదే మొదటిసారి. లోపల ఎండాకాలమైనా ఐదారు డిగ్రీలే. పైనుంచి నీళ్లు కారుతుంటాయి, కింద బురద. బురద మనకు కొత్తా? కానీ ఐస్ నీళ్లలో నానిన బురద వేరే సంగతి.

ఈ సామాను అక్కడి షాపుల్లో కొంటే జీతం సగం పోతుంది. రొయ్యల చెరువులో రాత్రంతా తడిసే మనిషికి కావలసినవీ గుహలో తడిసే మనిషికి కావలసినవీ చాలావరకు ఒకటే కదా అని ఇంటికొచ్చినప్పుడు వెళ్లాను. నాలుగు స్టార్లు ఇస్తున్నా.

ముందు గమ్‌బూట్లు. గుహల్లోకి ట్రెక్కింగ్ బూట్లు వేసుకుంటారని అనుకుంటారు, కానీ అక్కడ పాతకాపులు చాలామంది వేసుకునేవి ఈ రబ్బరు బూట్లే, నీళ్లు పడితే తిరగేసి ఒంపేసుకోవచ్చు. షాపులో ఉన్నవి బాగున్నాయి, కాకపోతే కొన్నిటికి అడుగు నున్నగా ఉంది. తిప్పి చూసి, గాళ్లు లోతుగా ఉన్నవే తీసుకోండి. ఏడు, ఎనిమిది సైజులు తప్ప దొరకడం కష్టం. లోపల మందపాటి సాక్సు పడుతుందో లేదో షాపులోనే వేసి చూసుకోండి, కుర్రాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్ మాత్రం అద్భుతం. అక్కడ నేను కొన్నవాటికన్నా ఇవే ఎక్కువ మన్నాయి, ధర నాలుగో వంతు కూడా లేదు.

ఇక అసలు బంగారం, మందుల ఖాళీ డబ్బాలు. ప్రోబయోటిక్ పొడి వచ్చే వెడల్పు మూతి మర డబ్బాలు. మూతలో రబ్బరు వాషర్ ఉంటుంది, గట్టిగా తిప్పితే చుక్క దిగదు. గుహలో దీని విలువ ఏంటో చెప్తా. పైన కొండ మీద ఉరుములతో వాన పడితే, లోపల మనం దిగొచ్చిన బావి కాసేపట్లో జలపాతమైపోతుంది, పైకెక్కే దారి మూసుకుపోతుంది. బెర్జేలోనే 1996లో అలా వరదొచ్చి ఇద్దరు చనిపోయారు. అప్పుడు చేయగలిగిందల్లా నీళ్లు అందని ఎత్తు చూసుకుని, పలచటి రేకు దుప్పటి కప్పుకుని, మధ్యలో కొవ్వొత్తి వెలిగించుకుని నీళ్లు తగ్గేదాకా కూర్చోవడం. ఆ దుప్పటి, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, పొడి టోపీ, నాలుగు చాక్లెట్లు తడవకుండా ఉండాలంటే ఈ డబ్బా కావాలి. అక్కడ ఇలాంటి డబ్బాకే బోలెడు యూరోలు, ఇక్కడ ఓనరుగారు "ఖాళీ డబ్బాకి డబ్బులేంటండి, ఓ నాలుగు పట్టుకెళ్లండి" అన్నారు. సబ్బు పెట్టి బాగా కడిగి, ఎండలో పెట్టండి, వాసన ఓ పట్టాన పోదు. మందుల డబ్బా కదా, తినేవి కవరుతోనే పెట్టండి.

బ్యాగు షాపులో లేదు. కానీ పక్కనే లారీ టార్పాలిన్లు కుట్టే ఆయన ఉంటాడు. గుహ బ్యాగులు కుట్టేది కూడా దాదాపు అదే మందం పీవీసీ గుడ్డతోనే. పొడుగాటి గొట్టంలా, అడుగున నీళ్లు పోయే కన్నాలతో, నవారు పట్టీలతో కుట్టమంటే పూటలో ఇచ్చేశాడు. రాళ్లకు రాసుకున్నా కుట్టు ఊడలేదు.

ఇప్పుడు తిట్లు. తల లైటు. రాత్రి చెరువు గట్టు మీద తిరగడానికి బాగుంటుందేమో, అట్ట మీద వాటర్‌ప్రూఫ్ అని పెద్ద అక్షరాలతో ఉంది కానీ ఛార్జింగ్ కన్నానికి మూత సరిగ్గా కూర్చోదు. గుహలో ఒక్కో మనిషి దగ్గర విడివిడిగా మూడు లైట్లుండాలని పాత నియమం, ఆ మూడో లైటు కింద కూడా దీన్ని నేను లెక్కపెట్టను. పసుపు రంగు హెల్మెట్ కూడా అంతే, గడ్డం కింద పట్టీ లేదు. 2014లో జర్మనీలో రీజెండింగ్ గుహలో, దాదాపు వెయ్యి మీటర్ల లోతులో, ఒకాయన తలకు రాళ్లు తగిలితే బయటికి తేవడానికి పదకొండు రోజులు పట్టింది, 700 మందికి పైగా పనిచేశారు. ఆయన తలకు హెల్మెట్ ఉండగానే జరిగిందది. కాబట్టి హెల్మెట్ దగ్గర బేరాలొద్దు.

తాళ్ల దగ్గరే అసలు గొడవ. నేను ఊరికే రేటు అడిగాను, ఓనరుగారు "ఎంత లోతుకండీ?" అన్నారు. వెయ్యి మీటర్లు పైనే అంటే, "బోరా?" అన్నారు. కాదు, నేనే దిగుతానంటే కాసేపు నన్ను చూసి, "దిగి ఏం తెస్తారండీ?" అన్నారు. బురదండీ అన్నాను. "ఆయ్, దానికి అంత దూరం ఎందుకండీ, మా చెరువుకి రండి" అన్నారు. ఆయనకి ఇంకో స్టార్ ఉంటే అదీ ఇచ్చేవాణ్ని.

ఆయన చూపించిన తాడు బోటును లాగుద్దట. లాగుతుందేమో, సమస్య బలంతో కాదు. మూడు పాయలు మెలేసి పేనిన తాడు మీద మనిషి గాల్లో వేలాడితే మెలి విప్పుకుంటూ వాణ్ని బొంగరంలా తిప్పుతుంది. స్లొవేనియాలో కానిన్ కొండల్లో వ్ర్తోగ్లావిత్సా గుహలో ఒకే బావి 603 మీటర్లుంది, అందులో తిరుగుతూ దిగడం ఊహించుకోండి. పైకెక్కేటప్పుడు తాడును పట్టుకునే క్లాంపులకు సన్నటి పళ్లుంటాయి, అవి పాయల మధ్య దిగి పోగులు లాగేస్తాయి. అందుకే గుహ తాడుకు లోపల బరువు మోసే పోగులు, పైన గట్టిగా అల్లిన తొడుగు ఉంటాయి. పైగా ఆ ఆకుపచ్చ తాడు పాలీప్రొపిలీన్, 165 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. జోరుగా దిగితే డిసెండర్, అంటే తాడు మీద జారి దిగడానికి వాడే లోహపు పరికరం, చేయి పెట్టలేనంత కాలుతుంది, అక్కడే ఆగి వేలాడామా, ఇక చెప్పక్కర్లేదు. నైలాన్‌ది కరగడానికి 220 దాకా కావాలి, కానీ షాపులో ఉన్న తెల్ల నైలాన్ తాడు బాగా సాగుతుంది, ఎక్కేటప్పుడు ప్రతి అడుగుకీ పైకీ కిందికీ ఊగుతూ రాయి అంచు మీద రంపంలా రాసుకుంటుంది. కొనాల్సింది ఈఎన్ 1891 అనే యూరప్ ప్రమాణం ముద్ర ఉన్న స్టాటిక్ తాడు, అంటే పెద్దగా సాగనిది. అందులో ఎ రకానికి కనీసం 22 కిలోన్యూటన్లు, అంటే సుమారు 2,200 కిలోల బరువుకు తట్టుకోవాలని లెక్క. ఇదంతా చెప్తే ఓనరుగారు తాడు చుట్ట మళ్లీ మేకుకి తగిలించేసి, "అయితే తాడు మా దగ్గరొద్దులెండి, కంపెనీదే కొనుక్కోండి" అన్నారు. అమ్ముకునేవాడు అలా అనడం నేనెక్కడా చూడలేదు.

స్టార్ తగ్గించింది మాత్రం కొక్కేల వల్ల. స్ప్రింగ్ కొక్కేలు డబ్బాలో కుప్పగా ఉంటాయి, వాటి మీద ఒక్క అంకె లేదు, కుర్రాడేమో "రెండు టన్నులు ఆగుద్దండి" అని నోటికొచ్చినట్టు చెప్పేశాడు. నిజమైన కారబినర్, అంటే మనిషిని మోసే కొక్కెం మీద నిలువుకి ఎంత, అడ్డానికి ఎంత, మూత తెరిచి ఉంటే ఎంత అని చెక్కి ఉంటుంది. చెక్కి లేనిది వలకి కట్టుకోండి, నడుముకి కాదు.

వెళ్లేవాళ్లు పట్టుబడి రోజుల్లో, అంటే చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో వెళ్లకండి, గమ్‌బూట్లు అయిపోతాయి, ఎవరూ పలకరు. మధ్యాహ్నం భోజనాల వేళకి షట్టరు సగం దించుతారు కానీ వంగి లోపలికెళ్తే సరుకు ఇస్తారు. ఫోన్‌పే ఉంది, బిల్లు మాత్రం అడిగితేనే రాస్తారు.